నా నోట్సన్నీ ఏఐ ఏజెంట్‌తో ఒకదానికొకటి లింక్ చేయించాలనుకుంటున్నా. ఎలా మొదలుపెట్టాలి?

తీగలాగు

చాలా ఏళ్లుగా నోట్సు రాసుకునే అలవాటు ఉంది. ఫోన్‌లో కొన్ని, ల్యాప్‌టాప్‌లో కొన్ని, పుస్తకాలు చదువుతూ హైలైట్ చేసినవి, మీటింగుల్లో గబగబా కొట్టినవి, నడుస్తూ వాయిస్‌లో చెప్పినవి. ఈమధ్యే అన్నీ ఎక్స్‌పోర్ట్ చేసి మార్క్‌డౌన్ ఫైళ్లుగా (సాదా టెక్స్ట్ ఫైళ్లే) మార్చి ఒకే ఫోల్డర్‌లోకి తెచ్చాను.

వెతికితే దొరుకుతాయి. కానీ ఏం వెతకాలో గుర్తుంటేనే దొరుకుతాయి. ఎప్పుడో చదివి రాసుకున్న ఒక మాట ఇవాళ్టి పనికి సరిగ్గా ఉపయోగపడేదని తర్వాతెప్పుడో తెలుస్తోంది. ఆ రెండింటినీ కలిపేవాళ్లు ఎవరూ లేరు.

చాట్‌బాట్‌లో పేస్ట్ చేసి "సారాంశం చెప్పు" అనడం గురించి కాదు నేను అడిగేది. తనే ఫైళ్లు తెరిచి, వెతికి, చదివి, కొత్త పేజీలు రాసి, లింకులు పెట్టే ఏజెంట్ గురించి. వాడుతున్నవాళ్లు ఉంటే చెప్పండి: అన్నీ ఒకేసారి ఇచ్చెయ్యొచ్చా? ఫోల్డర్లుగా సర్దమనాలా, లింకులు చాలా? నేను రాసుకున్న మాటల్ని అది మార్చేస్తే ఎలా?

పలక

మూడో ప్రశ్నతో మొదలుపెడతాను. మిగతా రెండూ తేడా వచ్చినా సర్దుకోవచ్చు గానీ, ఇది తేడా వస్తే నోట్సు పోయినట్టే.

రెండు ఫోల్డర్లు పెట్టుకోండి. "ముడి" అనేదాంట్లో మీరు రాసినవి, క్లిప్ చేసినవి ఉన్నవి ఉన్నట్టుగా. "పేజీలు" అనేదాంట్లో ఏజెంట్ రాసేవి. ముడి ఫోల్డర్ మీద ఏజెంట్‌కి చదివే హక్కు మాత్రమే ఉండాలి. "దీన్ని మార్చకు" అని సూచనలో రాస్తే సరిపోదు, సిస్టమ్ లెవెల్లో రీడ్-ఓన్లీ చేయండి. సుదీర్ఘంగా నడిచిన పనిలో ఏజెంట్ వెనకున్న భాషా మోడల్ ఒక సూచనని వదిలేయవచ్చు, పర్మిషన్ మాత్రం ఎప్పుడైనా పర్మిషనే.

మొత్తాన్ని గిట్‌లో పెట్టండి. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నల్ కోడ్ కోసం తయారుచేసిన, ఫైళ్లలో మార్పుల చరిత్రని దాచే పనిముట్టు అది, కానీ సాదా టెక్స్ట్ దేనికైనా అంతే బాగా పనికొస్తుంది. ఏజెంట్‌ని నడిపే ముందు ఒక కమిట్ (అప్పటికి ఫైళ్లు ఎలా ఉన్నాయో భద్రపరచడం), నడిపాక ఒక కమిట్. రెండింటి మధ్య తేడా చూస్తే ఏ వాక్యం కలిసింది, ఏది పోయింది అన్నీ కనిపిస్తాయి. నచ్చకపోతే వెనక్కి వెళ్లిపోవచ్చు.

ఇలాంటి ఏజెంట్లు చాలావరకు పనిలోకి దిగే ముందు ఒక సూచనల ఫైలు చదువుకుంటాయి. నాది ఇలా ఉంటుంది:

> ముడి ఫోల్డర్‌లో ఏదీ మార్చకు.
> ఒక పేజీలో ఒకే ఆలోచన. పేజీ పేరు పూర్తి వాక్యంగా ఉండాలి.
> ప్రతి వాక్యం ఏ ముడి ఫైలు నుంచి వచ్చిందో దాని పక్కనే లింక్ ఇవ్వు.
> రెండు పేజీల్ని లింక్‌తో కలిపితే ఎందుకు కలిపావో ఒక వాక్యంలో రాయి. రాయలేకపోతే కలపకు.
> ఏ ఫైలునీ డిలీట్ చేయకు. అక్కర్లేదనిపిస్తే "పక్కన" ఫోల్డర్‌లోకి జరుపు.
> అనుమానం వస్తే నన్ను అడుగు.

రెండో లైను చిన్నదే గానీ అసలు పని చేసేది అదే. "నిద్ర" అని పేజీ పెడితే నిద్రకి సంబంధించిన ప్రతిదీ అందులో వచ్చి పడుతుంది. "నిద్ర తక్కువైతే ఆరోజు నేర్చుకున్నది నిలవదు" అని పెడితే దానితో ఏకీభవించే నోటు ఏది, విభేదించే నోటు ఏది అన్న ప్రశ్న వెంటనే వస్తుంది.

చీటీలపెట్టె

నాకు ఈ మొత్తం ఆలోచన మీదే అభ్యంతరం ఉంది, కొంచెం ఓపిగ్గా వినండి.

నోట్సుని ఒకదానితో ఒకటి కలపడం గురించి మాట్లాడేటప్పుడు అందరూ చెప్పే పేరు జర్మన్ సామాజికశాస్త్రవేత్త నిక్లాస్ లూమన్. 1998లో చనిపోయేనాటికి ఆయన పెట్టెల్లో సుమారు 90,000 చీటీలున్నాయి. ఆ చీటీలు టాపిక్‌వారీగా సర్దినవి కావు. ప్రతి చీటీకి ఒక నంబరు, ఆ నంబరు వెనకే దాని కొనసాగింపు, పక్కన వేరే చీటీల నంబర్లు. కొత్త చీటీ రాసిన ప్రతిసారీ ఇది ఏ చీటీ వెనక ఉండాలి అని ఆయన ఆలోచించాల్సి వచ్చేది. ఆయన రాసిన పుస్తకాలన్నీ ఆ ఆలోచించడంలోంచే వచ్చాయి. పెట్టె దానంతటది ఏమీ రాయలేదు.

ఇప్పుడు ఆ "ఎక్కడ పెట్టాలి" అన్న నిర్ణయమే ఏజెంట్‌కి ఇచ్చేస్తే మనకి మిగిలేదేంటి? చక్కగా సర్దిన ఫోల్డర్ మిగులుతుంది. అందులో ఏముందో మన తలకి ఎక్కదు. 1978లో స్లామెకా, గ్రాఫ్ అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు చూపించిన సంగతే ఇది: ఇచ్చిన పదాన్ని చదివినవాళ్లకంటే, అదే పదాన్ని తామే తయారుచేసుకున్నవాళ్లకి అది ఎక్కువ గుర్తుంటుంది.

వెక్టర్27

చీటీలపెట్టె గారు చెప్పినదాన్ని ఇంకోవైపు నుంచి కూడా చెప్పొచ్చు. "నోట్సుని ఆటోమేటిగ్గా లింక్ చేస్తాం" అనే పనిముట్లు చాలావరకు చేసేది ఎంబెడ్డింగ్ పోలిక. ప్రతి నోటుని కొన్ని వందల లేదా వేల అంకెల వరసగా మారుస్తారు, దగ్గరగా ఉన్న వరసలని కలిపేస్తారు. ఆ దగ్గరతనం ఎక్కువగా దేని గురించి అన్నదాన్ని పట్టుకుంటుంది, ఏమంటున్నారు అన్నదాన్ని అంతగా పట్టుకోదు. "ఈ పద్ధతి పనిచేస్తుంది", "ఈ పద్ధతి పనిచేయదు" అన్న రెండు నోట్లు దానికి దాదాపు పక్కపక్కనే కనిపిస్తాయి.

నా నోట్సులో జరిగింది చెప్తాను. ఒక నోటు మెదడులో నాడీకణాల నెట్‌వర్క్ గురించి. ఇంకోటి వైఫై నెట్‌వర్క్ పదేపదే తెగిపోతుంటే చేసిన మార్పుల గురించి. రెండింటికీ లింక్ పడింది. అదే సమయంలో అసలు కలవాల్సినవి కలవలేదు. ఒకటి మతిమరుపు గురించి చదివి రాసుకున్నది: జర్మన్ మనస్తత్వవేత్త హెర్మన్ ఎబింగ్‌హౌస్ 1885లోనే తన మీద తనే ప్రయోగాలు చేసుకుని, నేర్చుకున్నది మొదట్లో వేగంగా, తర్వాత నెమ్మదిగా మర్చిపోతామని, ఒకేసారి రుబ్బేకంటే విడతలుగా చదివితే ఎక్కువ నిలుస్తుందని చూపించాడు. రెండోది మీటింగ్ నోటు: "కొత్తవాళ్లకి ట్రైనింగ్ మొత్తం మొదటి వారంలోనే ఇచ్చేశాం. ఇప్పుడు అడిగితే సగం మందికి ఏమీ గుర్తులేదు. మెటీరియల్ మార్చాలా?" ఈ రెండు నోట్లూ పైకి వేర్వేరు విషయాల గురించి. పోలికకి దొరకలేదు. చదివి అర్థం చేసుకునే ఏజెంట్‌కి మాత్రం దొరికాయి. అది రాసిన కారణం: "మెటీరియల్‌లో లోపం ఉండకపోవచ్చు, ఇచ్చిన తీరులో ఉండొచ్చు. విడతల గురించి మీరు రాసుకున్న నోటు చూడండి."

అందుకే పలక గారి నాలుగో సూచనకి ఇంకొకటి కలపమంటాను. కారణంతోపాటు సంబంధం ఏ రకమో కూడా రాయించండి: బలపరుస్తుందా, ఎదురు చెప్తుందా, ఉదాహరణా, కారణమా, పాతదాన్ని సవరిస్తుందా. "సంబంధించినది" అనే మాటని నేను నిషేధించాను. ఆ ఒక్క నిషేధంతో లింకులు చాలా తగ్గాయి, మిగిలినవి చదవబుద్ధేసేలా ఉన్నాయి.

కొత్తపేజీ

అబ్సిడియన్ అనే నోట్సు యాప్‌లో గ్రాఫ్ వ్యూ (పేజీలు చుక్కలుగా, లింకులు గీతలుగా కనిపించే బొమ్మ) చూసుకుంటే భలే ఉంటుంది కదండీ, అన్నీ కలిసిపోయి. అది కావాలంటే ఎక్కువ లింకులు ఉండాలి కదా?

వెక్టర్27

చూడటానికి బాగుంటుందండీ, కాదనను. కానీ ప్రతిదీ ప్రతిదానికీ కలిసి ఉంటే ఏ దారిన పోవాలో తెలీదు. నేను గ్రాఫ్‌ని ఒక్కదానికే వాడతాను: ఏ లింకూ లేకుండా విడిగా ఉండిపోయిన పేజీలు ఎక్కడున్నాయో చూడటానికి.

పరిశోధక

చీటీలపెట్టె గారి మాటతో సగం ఏకీభవిస్తాను. మిగతా సగంతో గట్టిగా విభేదిస్తాను.

నా పనంతా చదవడం, రాయడం. ఈ పద్ధతులు నేను చూసినంతలో మూలపడేది ఆలోచించే దగ్గర కాదు, మెయింటెనెన్స్ దగ్గర. కొత్త వ్యాసం చదివాను. దానివల్ల పాత పేజీలు కొన్ని మార్చాలి. ఒక పేజీలో "ఇంకా తేలలేదు" అని ఉంది, ఇప్పుడు తేలింది. ఇంకో పేజీ పేరు మారింది, దానికి వెళ్లే లింకులన్నీ తెగాయి. ఒకే సంగతి రెండు పేర్లతో రెండుచోట్ల ఉంది. ఈ పని ఎవరు చేస్తారు? మొదట్లో ఉత్సాహంగా మనమే చేస్తాం. పని ఒత్తిడి పెరగగానే ఆపేస్తాం. ఒకసారి ఆపితే పేజీల మీద నమ్మకం పోతుంది, నమ్మకం పోయాక తెరవడం మానేస్తాం.

1945లో అమెరికన్ ఇంజనీరు వానివర్ బుష్ "మెమెక్స్" అనే యంత్రాన్ని ఊహించి రాసినప్పుడు కూడా ఆయన దృష్టి డాక్యుమెంట్లని దాచడం మీద కంటే వాటి మధ్య వేసే దారుల మీదే ఉంది. అలా దారులు వేయడమే వృత్తిగా పెట్టుకునే మనుషులు వస్తారని కూడా అనుకున్నాడు. ఒక్క మనిషి సొంత నోట్సుకి అలాంటి మనిషి ఎప్పుడూ దొరకలేదు. ఇప్పుడు ఆ పనిలో పెద్ద భాగాన్ని ఏజెంట్ చేయగలదు, దానికి విసుగు ఉండదు.

కాబట్టి నేను గీత ఇక్కడ గీసుకున్నాను. తెగిన లింకులు, డూప్లికేట్లు, ఇండెక్సు, "ఈ కొత్త నోటు వల్ల ఫలానా పాత పేజీలు మారాలి" అన్న జాబితా, ఇవన్నీ ఏజెంట్‌వి. నా సొంత వాదనకి కీలకమైన లింకు అయితే కారణం నేనే రాస్తాను. ఏజెంట్ రాసిన కారణం "ప్రతిపాదన" అన్న గుర్తుతో ఉంటుంది. దాన్ని నా మాటల్లో తిరగరాస్తేనే ఆ గుర్తు తీస్తాను. స్లామెకా, గ్రాఫ్ చెప్పిన లాభం ఎక్కడ కావాలో అక్కడ దక్కుతోంది.

చీటీలపెట్టె

ఆ "ప్రతిపాదన" గుర్తు మంచి ఆలోచన. అది నేను ఒప్పుకుంటాను. నేను భయపడింది అన్నీ ఒకే స్వరంలో కనిపించడం గురించి: నేను ఆలోచించి రాసిందీ, అది అల్లిందీ పక్కపక్కన తేడా తెలియకుండా.

అనుస్వారం

నోట్సు తెలుగులో రాసుకునేవాళ్లు ఒకటి గమనించాలి. ఏజెంట్లు ఫైళ్లలో వెతికేది చాలాసార్లు అక్షరం అక్షరం సరిపోల్చే సెర్చ్‌తోనే. "పుస్తకం" అని వెతికితే "పుస్తకాల్లో" అన్న నోటు రాదు. ఇంకోటి కంటికి కనిపించనిది: "సాఫ్ట్‌వేర్" అన్న పదం మధ్యలో కొన్ని కీబోర్డులు జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే అదృశ్య అక్షరం పెడతాయి, కొన్ని పెట్టవు. రెండూ వేర్వేరు పదాలుగా లెక్క. ఏజెంట్ "మీ నోట్సులో దీని గురించి ఏమీ లేదు" అని నమ్మకంగా చెప్పేస్తుంది, నోటు అక్కడే ఉంటుంది.

సూచనల ఫైల్లో నేను రాసింది: తెలుగు పదాన్ని చివరి అక్షరాలు తీసేసి వెతుకు, ఇంగ్లీషు స్పెల్లింగ్‌తో కూడా వెతుకు, ఏమీ దొరకలేదని చెప్పే ముందు కనీసం ఇంకో రెండు పదాలతో ప్రయత్నించు. ప్రతి పేజీ పైన "ఇతర పేర్లు" అని ఒక లైను పెట్టించాను. ముడి ఫైళ్లని ముట్టుకోకుండా, ఆ అదృశ్య అక్షరాలు తీసేసిన కాపీ ఒకటి వెతకడానికి వేరుగా ఉంచాను.

తెలుగు టెక్స్ట్ మోడల్‌కి బరువు కూడా. కంప్యూటర్లు టెక్స్ట్‌ని దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరసంకేతం ఒక్కోదానికి మూడు బైట్లు, ఇంగ్లీషు అక్షరానికి ఒకటి. చాలా మోడళ్లలో అదే విషయానికి తెలుగులో టోకెన్లు (మోడల్ టెక్స్ట్‌ని విడగొట్టి చదివే ముక్కలు) గణనీయంగా ఎక్కువ పడతాయి. "అన్నీ ఒకేసారి ఇవ్వొచ్చా" అన్న ప్రశ్నకి అందుకే నా జవాబు వద్దు అని.

పలక

అనుస్వారం గారి జవాబుకి తోడు: టోకెన్లు సరిపోయినా అన్నీ కుమ్మరించకండి. పొడవాటి ఇన్‌పుట్‌లో మొదట్లో, చివర్లో ఉన్నదాన్ని మోడళ్లు బాగా వాడుకుని, మధ్యలో ఉన్నదాన్ని జారవిడుస్తాయని 2023లో వచ్చిన ఒక పేపర్ చూపించింది. అప్పట్నుంచి మోడళ్లు మెరుగయ్యాయి గానీ, మీ నోట్సు మీద ఆ పందెం కాయాల్సిన పనిలేదు.

ఒక ఇండెక్సు ఫైలు పెట్టించండి. పేజీకి ఒక లైను: పేరు, ఒక్క వాక్యంలో అందులో ఏముంది. ఏజెంట్ ముందు ఆ ఫైలు చదివి, ఏవి తెరవాలో ఎంచుకుని, అవి మాత్రమే తెరుస్తుంది. కొన్ని వందల పేజీల వరకు ఇంతకు మించి డేటాబేస్ ఏదీ అక్కర్లేదన్నది నా అనుభవం. ముడి నోట్లని కూడా కొద్దికొద్దిగా ఇవ్వండి, ఒక్కో విడతలో వచ్చిన మార్పులు మీరు కూర్చుని చదవగలిగినన్ని.

తీగలాగు

అందరికీ థ్యాంక్స్. మీరు చెప్పినట్టే రెండు ఫోల్డర్లు, గిట్, సూచనల ఫైలు పెట్టుకుని చదువుకి సంబంధించిన నోట్సు వరకు నడిపి చూశాను. లింకుల నాణ్యత నేను అనుకున్నదానికంటే చాలా బాగుంది. కానీ ఇంకో సమస్య కనిపించింది, దీని గురించి ఎవరూ ప్రస్తావించలేదు.

నా ముడి నోటు ఇది: "నోట్సు చేత్తో రాస్తే బాగా గుర్తుంటుందట?? ఎక్కడో విన్నా. నా విషయంలో అలా అనిపించలేదు మరి. చూడాలి."

ఏజెంట్ రాసిన పేజీ: "చేతితో నోట్సు రాసుకోవడం జ్ఞాపకశక్తికి తోడ్పడుతుంది." కింద నా ఫైలుకే లింక్.

లింక్ ఉంది. సోర్స్ ఉంది. చూడటానికి అంతా పద్ధతిగా ఉంది. కానీ నా రెండు ప్రశ్నార్థకాలు పోయాయి, "విన్నా" పోయింది, నా అనుభవం అందుకు భిన్నంగా ఉందన్న మాట పూర్తిగా పోయింది. తర్వాతి విడతలో ఇంకో పేజీ రాస్తూ అది ఈ పేజీనే ఆధారంగా తీసుకుంది. అప్పటికి అది "ఇప్పటికే తెలిసిన విషయం" అయిపోయింది. నా అనుమానం రెండు మెట్లు ఎక్కేసరికి నిజంగా మారింది.

పరిశోధక

ఈ థ్రెడ్‌లో అన్నిటికంటే ముఖ్యమైన పోస్ట్ ఇదే. మోడళ్లకి తడబాటుని సాఫీగా చేసి రాసే అలవాటు బలంగా ఉంటుంది. మన సొంత నోట్సులో తడబాటే చాలాసార్లు అసలు సమాచారం.

నేను చేసేది: ప్రతి వాక్యానికీ నాలుగు గుర్తుల్లో ఒకటి తప్పనిసరి. "చదివాను", "విన్నాను", "చూశాను", "అనుకున్నాను". ఏ గుర్తు పెట్టాలో తెలియకపోతే నా మాటల్నే కొటేషన్‌లో తేదీతో సహా పెట్టాలి, మార్చి రాయకూడదు. మీ నోటు అప్పుడు ఇలా వస్తుంది:

> చేత్తో రాస్తే బాగా గుర్తుంటుందని [విన్నాను, సరిచూడలేదు]. నా విషయంలో అలా లేదు [చూశాను]. ఈ రెండూ ఒకదానికొకటి ఎదురు.

రెండో నియమం ఇంకా కఠినంగా పెట్టండి: ఏజెంట్ రాసిన పేజీ ఇంకో పేజీకి ఆధారం కాకూడదు. లింక్ ఉండొచ్చు, దారి చూపొచ్చు, కానీ వాక్యం పక్కన ఆధారంగా ఎప్పుడూ ముడి ఫైలే ఉండాలి. ఇది స్క్రిప్టుతో తనిఖీ చేయొచ్చు, మోడల్‌ని నమ్మక్కర్లేదు. ఆధారం లింక్ "పేజీలు" ఫోల్డర్‌లోకి పోతే ఆ కమిట్ ఆగిపోవాలి.

మూడోది, మాటల్లో తేడా వచ్చిన చోట రెండింటినీ కలిపి రాజీ వాక్యం రాయనివ్వకండి. ఒకప్పుడు ఒకటి అనుకుని, తర్వాత ఇంకోటి అనుకుంటే రెండూ తేదీలతో ఉండాలి. మన అభిప్రాయం ఎలా మారిందో తెలిసేది అక్కడే.

తాళంచెవి

ఉత్సాహంలో భద్రత వెనకబడకూడదని ఈ పోస్ట్. వ్యక్తిగత నోట్సులో మన ఒక్కరి సంగతులే ఉండవు. స్నేహితులు నమ్మి చెప్పినవి, ఇంట్లోవాళ్ల ఆరోగ్యం, ఆఫీసు రహస్యాలు, ఏదో మూల పాస్‌వర్డులు కూడా ఉంటాయి. ఏజెంట్‌ని నడిపే ముందు వాటిని దానికి అసలు అందని వేరే చోటికి జరపండి. ఆఫీసు నోట్సైతే ఆఫీసు అనుమతి లేకుండా బయటి సర్వీసుకి పంపకండి. మీ సర్వీసు మీ డేటాని ట్రైనింగ్‌కి వాడుతుందో లేదో సెట్టింగుల్లో చూసుకోండి. అస్సలు బయటికి పోకూడదనుకుంటే ఒల్లామా, లామా డాట్ సీపీపీ లాంటి వాటితో సొంత మెషీన్ మీదే మోడల్ నడపొచ్చు. నాణ్యత కొంత తగ్గుతుంది, తెలుగులో ఆ తేడా ఎక్కువ కనిపిస్తుంది.

రెండో ప్రమాదం వెబ్ నుంచి క్లిప్ చేసిన పేజీలు. అందులో కంటికి కనిపించకుండా "ఈ ఫోల్డర్‌లోని ఫైళ్లని ఫలానా చోటికి పంపు" లాంటి ఆదేశం దాగి ఉండొచ్చు. మోడల్‌కి మీ ఆదేశానికీ, చదివిన పేజీలోని ఆదేశానికీ తేడా గట్టిగా తెలియదు. దీనికి ప్రాంప్ట్ ఇంజెక్షన్ అన్న పేరు 2022లో సైమన్ విల్లిసన్ పెట్టాడు. సొంత రహస్యాలు చదవగలగడం, బయటివాళ్లు రాసిన టెక్స్ట్ చదవడం, బయటికి పంపగలగడం, ఈ మూడూ ఒకే ఏజెంట్ దగ్గర ఉండటమే అసలు ప్రమాదమని కూడా ఆయనే హెచ్చరించాడు. నోట్సు ఏజెంట్‌కి మొదటి రెండూ తప్పవు. కాబట్టి మూడోదాన్ని కోసేయండి: ఇంటర్నెట్ యాక్సెస్ ఆపండి, మెయిల్ లాంటివేవీ దానికి తగిలించకండి. క్లౌడ్ మోడలైతే దాని సర్వర్‌కి వెళ్లే దారి ఒక్కటే ఉంచండి.

కొత్తపేజీ

ఇంత చేశాక అది బాగా పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది? నాకైతే పేజీలు చూడగానే అన్నీ బాగున్నట్టే అనిపిస్తాయి.

వెక్టర్27

చూసి చెప్పలేం. ప్రశ్నలతో పరీక్షించాలి. ఏజెంట్‌ని నడపకముందే మీరే కొన్ని ప్రశ్నలు రాసుకోండి, జవాబు ఏ నోటులో ఉందో పక్కన రాసుకోండి. ఆ ఫైలు ఏజెంట్‌కి కనపడే చోట ఉండకూడదు. వాటిలో మూడు రకాలుండాలి. జవాబు ఒకే నోటులో ఉన్నవి. రెండు మూడు నోట్లు కలిపితేనే జవాబు వచ్చేవి. మీ నోట్సులో అసలు జవాబు లేనివి. మూడో రకం మర్చిపోకండి. "మీ నోట్సులో లేదు" అని చెప్పాల్సిన చోట చెప్తుందా, లేక మోడల్ తన సొంత జ్ఞానంలోంచి తెచ్చి మీ నోట్సులో ఉన్నట్టు చెప్తుందా అన్నది అక్కడే బయటపడుతుంది. సూచనలు మార్చినప్పుడల్లా, మోడల్ మార్చినప్పుడల్లా అవే ప్రశ్నలు మళ్లీ అడగండి.

తీగలాగు

పరిశోధక గారి నాలుగు గుర్తులు, ఆధారం నియమం పెట్టి మొదటినుంచి మళ్లీ నడిపాను. వెక్టర్27 గారి పద్ధతిలో ప్రశ్నలు కూడా వేశాను. "చేత్తో రాయడం గురించి నాకేం తెలుసు?" అంటే ఇప్పుడు వచ్చిన జవాబు: "మీరు ఒకసారి విన్నారు, సరిచూడలేదు. మీ అనుభవం వేరుగా ఉందని అదే రోజు రాసుకున్నారు. దీని మీద మీ నోట్సులో ఇంకేమీ లేదు."

మూడో రకం ప్రశ్నల్లో మాత్రం ఇంకా ఒకచోట జారుతోంది. సోర్స్ లింక్ సరైనదే ఇస్తోంది గానీ, ఆ ఫైల్లో లేని ఒక సంవత్సరాన్ని వాక్యంలో కలుపుతోంది. వాక్యంలోని అంకెలు ముడి ఫైల్లో ఉన్నాయో లేవో సరిపోల్చే స్క్రిప్టు ఎవరి దగ్గరైనా ఉంటే పెట్టగలరా?

పలక

నా దగ్గర ఉంది. తేదీలు, అంకెలు, కొటేషన్‌లోని మాటలు, మూడింటినీ సరిచూస్తుంది. తెలుగు అంకెలు రాసుకునేవాళ్ల కోసం వాటిని మామూలు అంకెల్లోకి మార్చే లైను ఒకటి కలపాలి. అది కలిపి సాయంత్రానికి ఇక్కడే పెడతాను.